ఎర్రావు ఈనిన ఉత్తరం

నేను ముప్పై అయిదేళ్ళు జైల్లో ఉన్నాను. శిక్ష పడి కాదు, ఉద్యోగానికి. వార్డరుగా చేరాను, డిప్యూటీ జైలరుగా దిగిపోయాను. మధ్యలో ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో రాయను. అది నా పింఛను కాగితాల్లో ఉంది, అందులో చదవదగ్గ సంగతి ఒక్కటీ లేదు.

ఈమధ్య కొత్తగా చేరిన వార్డర్లకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. వెళ్ళాను. తాళాల గురించీ తనిఖీల గురించీ చెబుతున్నాను. పిల్లలు మర్యాదగా ఆవలిస్తున్నారు. చివరి వరసలోంచి గజపతినగరం అమ్మాయి ఒకర్తె లేచింది.

"తాతగారూ, ఎమర్జెన్సీలో మీరు ఆ పాత జైల్లో ఉన్నారంట కదా. అప్పుడు ఖైదీలని కొట్టేవోరా?"

"నేను కొట్టలేదమ్మా" అన్నాను. "కానీ చెయ్యెత్తకుండానే ఒక మనిషిని చావుదాకా తీసుకెళ్ళాను."

అంతలో భోజనాల గంట కొట్టారు. జైలు శాఖలో ఆ గంట ముందు ఏ కథా నిలవదు. ఆ అమ్మాయికి మిగతాది చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో ఏడుపు కొంత ఉంది, నవ్వు ఎక్కువ ఉంది. భయపడకుండా చదవండి.

ఆ జైలు

పేరు రాయను. ఇప్పుడది మూసేశారు, కొత్త జైలు ఊరి బయట కట్టారు. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు పెద్దవాళ్ళకి పేరు చెప్పకపోయినా తెలుస్తుంది. తెల్లవాళ్ళు కట్టిన జైలది. వాళ్ళు కాంగ్రెసు వాళ్ళని పెట్టారు. తరవాత మనవాళ్ళు కొండ ఊళ్ళ గొడవల్లో పట్టుకున్నవాళ్ళని పెట్టారు. ప్రభుత్వాలు మారాయి గానీ మూడో బ్లాకులో ఉండేది మాత్రం ఎప్పుడూ ఆ ప్రభుత్వానికి గిట్టనివాళ్ళే. అందుకే దాన్ని 'మాటకారి బ్లాకు' అనేవారు. ఎవరైనా ఊళ్ళో ఎక్కువ మాట్లాడితే "మూడో బ్లాకులో మంచం ఖాళీగా ఉన్నాది" అని పోలీసులు బెదిరించేవారు.

నేను చేరిన కొన్ని నెలలకే ఎమర్జెన్సీ వచ్చింది. ఒక వారంలో మూడో బ్లాకు నిండిపోయింది. బడిపంతుళ్ళు, వకీళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు, రైతు సంఘం మనుషులు. వీళ్ళకి కోర్టు లేదు, విచారణ లేదు, ఎన్నాళ్ళుండాలో తెలియదు. దొంగతనం చేసి వచ్చినవాడు గోడమీద గీతలు గీసుకుని రోజులు లెక్కపెట్టుకుంటాడు. వీళ్ళకి లెక్కపెట్టడానికి చివర అనేది లేదు. అసలు శిక్ష అదే. గోడలూ ఊచలూ దాని తరవాతే.

మా జైలరు అప్పలనర్సయ్య గారు. ఆమదాలవలస దగ్గర మనిషి, పెద్ద మీసం, పెద్ద గొంతు. ఒకరోజు నన్ను పిలిచారు.

"ఒరే సింహాచలం, నువ్వు పీయూసీ సదివినావంట కదా. నీ రాత బాగున్నాదంట కూడాను."

"అవును సార్."

"అయితే రేపట్నుంచి ఉత్తరాల గది నీదే. లోపలికొచ్చినవీ బయటికెల్లేవీ అన్నీ సదువు. తేడాగా ఉన్నదాని మీద సిరా పులిమీ."

"తేడా అంటే ఏటి సార్?"

ఆయన మీసం సవరించుకున్నారు. "అదే నాకూ తెల్దు. పైనుంచి కాయితం వచ్చినాది, సూసుకో."

ఆ కాగితంలో, ఉత్తరాల్లో సంకేత భాష ఉండవచ్చనీ, అనుమానం కలిగిన ప్రతి వాక్యాన్నీ తొలగించాలనీ ఉంది. నాకు ఇరవై రెండేళ్ళు. కుర్చీ, బల్ల, నల్లసిరా సీసా, వెడల్పు పాళీ కలం ఇచ్చారు. దేశాన్ని నేనే కాపాడుతున్నానని నిజంగానే అనుకున్నాను.

మోహనం మీద సిరా

నా మొదటి తప్పు చెబుతాను.

మూడో బ్లాకులో జోగారావు మాస్టారని ఉండేవారు. విజయనగరం. తాతల కాలం నుంచీ సంగీతం చెప్పుకునే కుటుంబం, ఈయన వయోలిన్. ఒక సభకి అధ్యక్షుడిగా కూర్చోబెడితే కూర్చున్నారు, అదీ ఆయన నేరం. ఆ సభలో ఆయన మాట్లాడనైనా లేదట, ప్రార్థన వాయించారట.

ఆయన కూతురు ఇంటి నుంచి రాసిన ఉత్తరం నా బల్ల మీదికి వచ్చింది. మొదటి పేజీ క్షేమ సమాచారం. రెండో పేజీ నిండా స రి గ ప, ద ప గ రి అని అక్షరాలు, మధ్యలో గీతలు, చుక్కలు. ఇంత పచ్చిగా సంకేతాలు రాస్తారా అని ఆశ్చర్యపోయి, పేజీ మొత్తం నల్లగా పులిమేశాను. ఎండబెట్టి మరీ లోపలికి పంపాను.

మర్నాడు మాస్టారు ఆ పేజీ పట్టుకుని నా గది ఊచల దగ్గర నిలబడ్డారు. కోపం లేదు. వేలితో సిరాని తడిమి చూస్తున్నారు.

"బాబూ, మా అమ్మాయి మోహన రాగంలో కొత్తగా ఒక స్వరం కట్టి పంపింది. తప్పులుంటే దిద్దమంది. మీరు మొత్తం దిద్దేశారు."

నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. క్షమించమన్నాను.

"దానికేం గానీ, మళ్ళీ రాస్తుంది. రోజూ అరగంట నా దగ్గరికి రండి, స్వరాలు నేర్పుతాను. నేర్చుకుంటే ఏది సంగీతమో ఏది కుట్రో మీకే తెలుస్తుంది."

అలా జైలు ఖైదీ దగ్గర నేను సరళీ స్వరాలు మొదలుపెట్టాను. కంఠం నాకు లేదు. మూడో బ్లాకు మొత్తం నా అభ్యాసాన్ని భరించింది. మిగతా శిక్ష చాలదన్నట్టు ఇదొకటా అని వకీలు ఒకాయన రోజూ అనేవాడు.

మాస్టారికి వయోలిన్ తెప్పించడానికి పెద్ద యుద్ధమే జరిగింది. మా సూపరింటెండెంటు గారు ఒప్పుకోలేదు. తీగలతో ఊచలు కోస్తారని ఆయన భయం. అప్పలనర్సయ్య గారు చేతులు కట్టుకుని నిలబడి, "సార్, వయోలిన్ తీగతో ఊచ తెగాలంటే మాస్టారు కొయ్యాల, ఆయన మనవలు కొయ్యాల, ఆళ్ళ మనవలు కొయ్యాల" అన్నారు. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. సాయంత్రం తాళాలు వేసే ముందు వయోలిన్ ఉత్తరాల గదిలో అప్పగించాలి, తీగలు లెక్కపెట్టాలి. రోజూ ఖైదీల లెక్క చెప్పాక నేను అటెన్షన్‌లో నిలబడి, "తీగలు నాలుగు, సరిపోయాయి సార్" అని చెప్పేవాణ్ణి. ముప్పై అయిదేళ్ళలో అంత సంతోషంగా చెప్పిన లెక్క ఇంకొకటి లేదు.

ఆ తప్పు నుంచి నేను సంగీతం నేర్చుకున్నాను గానీ బుద్ధి నేర్చుకోలేదు. స్వరాలు వదిలేసి మిగతావన్నీ మునుపటికన్నా గట్టిగా అనుమానించడం మొదలుపెట్టాను.

ఎర్రావు

సూరప్పడు రాజాం అవతల ఒక పల్లెలో రైతు. రైతు సంఘంలో పనిచేశాడు. ముప్పై దాటని వయసు, కొబ్బరిచెట్టులా నిటారుగా ఉండేవాడు. చదువు రాదు. పట్టుకొచ్చేనాటికి భార్య పారమ్మకి ఆరో నెల. అంతకుముందు ఒక బిడ్డ పుట్టి పోయిందని మాస్టారు నాకు చెప్పారు.

పారమ్మకీ చదువు రాదు. ఆమె చెబుతూంటే వాళ్ళ ఊరి పోస్టుమాన్ ఉన్నదున్నట్టు రాసేవాడు. ఇక్కడ మాస్టారు చదివి వినిపించేవారు. ఒకరోజు వచ్చిన ఉత్తరంలో ఇలా ఉంది. ఇప్పటికీ అక్షరం మర్చిపోలేదు.

"మన ఎర్రావు ఈనినాది. కొండ దిగువోలంతా వచ్చి సూసి ఎల్లినారు. అది జరిగిన మూడో దినాన్న మనింటికి మాలచ్చిమి వచ్చినాది. ఎవులికీ దిష్టి తగలకుండా లోపల దాసినాం. ఏటి పేరు ఎట్టాలో నువ్వే సెప్పాల. నువ్వు సెప్పీవరకూ ఎవులికీ ఏ పేరూ సెప్పం."

మీరు నవ్వుతారు. నేను నవ్వలేదు. ఎర్రావు అంటే ఎర్ర పార్టీ. ఈనింది అంటే కొత్త శాఖ పుట్టింది. కొండ దిగువ వాళ్ళు రావడం అంటే రహస్య సమావేశం. మహాలక్ష్మి అంటే తుపాకులు, లోపల దాచారు. పేరు అంటే సంకేత నామం. పెళ్ళికాని కుర్రాణ్ణే గానీ, ఇంట్లో ఆడపిల్ల పుడితే మహాలక్ష్మి వచ్చిందంటారన్న సంగతి వినకుండా ఉన్నానా? విన్నాను. అయినా ఆ కుర్చీలో కూర్చుంటే అది గుర్తుకు రాదు.

ఆరు వాక్యాలూ నల్లగా పులిమి, సూపరింటెండెంటు గారికి రిపోర్టు రాశాను. ఆయన దాన్ని పైకి పంపారు. నా వీపు తట్టారు కూడా.

సూరప్పడికి వెళ్ళిన ఉత్తరంలో పైన క్షేమం, కింద వేలిముద్ర, మధ్యలో నలుపు. మాస్టారు దాన్ని దీపానికి అడ్డంపెట్టి చూసినా ఒక్క అక్షరం కనపడలేదట.

"ఇక్కడ ఏదో ఉంది సూరప్పడూ. చెరిపేశారు."

"ఎంత మేర సెరిపేసినారు మాస్టారూ?"

"అయిదు వరసలు."

సూరప్పడు ఆ కాగితం చేతిలోకి తీసుకుని నలుపు మీద చెయ్యి పెట్టాడట. "నెలలు నిండినాయి. పుట్టిన గుంట గానీ బతికుంటే ఆ ముక్క ఎవులు సెరుపుతారు? పోయినాది కాబట్టే నాకు తెలీకుండా సేసినారు" అన్నాడట. ఆ రోజు నుంచి కంచం ముట్టడం తగ్గించాడు. తరవాత మానేశాడు.

నమ్మమనేవాడు

సుమారు మూడు వారాలకి పోలీసు రిపోర్టు తిరిగొచ్చింది. ఒక సబ్‌ఇన్‌స్పెక్టరు జీపు వేసుకుని ఆ ఊరు వెళ్ళి, ఇల్లంతా వెతికి, పశువుల సాలలోకి కూడా వెళ్ళి రాసిన రిపోర్టది. ఎర్ర ఆవు ఒకటి, పెయ్యదూడ ఒకటి కలవనీ, వాటికి రాజకీయ సంబంధం కనబడలేదనీ, ఇంట్లో ఒక బాలింత, పసిపాప, ముసలామె తప్ప ఎవరూ లేరనీ అందులో ఉంది.

బాలింత అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. అప్పటికి సూరప్పడు గోడకి ఆనుకోకుండా కూర్చోలేని స్థితిలో ఉన్నాడు. జైలు డాక్టరు గొట్టం వేసి పాలు పోద్దామని చూస్తున్నాడు.

పరుగెత్తాను. చెరిపేసిన ఉత్తరంలో ఏముందో ఖైదీకి చెబితే ఉద్యోగం పోతుందని రూలు. ఆ రూలు కూడా గుర్తు రాలేదు.

"సూరప్పడూ, నీకు ఆడపిల్ల పుట్టింది. బాగుంది. ఉత్తరంలో ఉన్నది అదే. నేను తప్పు చేశాను."

అతను మెల్లగా తల తిప్పి చూశాడు. కళ్ళు లోపలికి పోయాయి.

"నల్లసిరా పూసినోడివి నువ్వే. నమ్మమన్నోడివీ నువ్వే. నా పేణం పోతాదని అబద్దమాడతన్నావు, అంతే గదా వార్డరు బాబూ."

మీరు గుర్తుపెట్టుకోవలసింది ఇది. కర్ర తీసుకుని కొడితే దెబ్బ కొన్నాళ్ళకి మానుతుంది. ఒకసారి అతని ఉత్తరం మీద సిరా పూశాక, నేను నిజం చెప్పినా అది నిజంగా చెల్లలేదు.

జైలరు గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆయన తిట్టారు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. తిట్టడం అయ్యాక నన్ను వెంటబెట్టుకుని సూపరింటెండెంటు గారి గదికి తీసుకెళ్ళారు. సూపరింటెండెంటు గారు ఉత్తరం మళ్ళీ రాసి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. కుట్ర ఉందని మనమే పైకి రాశాం, ఇప్పుడు ఆవు అని ఎలా రాస్తాం అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డవాడు. నా అనుభవంలో చెడ్డ అధికారి ఎప్పుడో ఒకప్పుడు అలిసిపోయి ఆగుతాడు, భయపడ్డ అధికారి ఆగడు. మీ పైవాడు ఏ రకమో చేరిన నెలలోనే తెలుసుకోండి.

బయటికి వచ్చాక అప్పలనర్సయ్య గారు వరండాలో నిలబడ్డారు.

"ఒరే, ఉత్తరం ఇయ్యకూడదు. బాగున్నాది. మనిషొచ్చి మొగుణ్ణి సూసుకుంటానంటే ములాకత్ ఇయ్యొచ్చు కదా?"

"ఇవ్వొచ్చు సార్."

"మరేటి సూస్తన్నావు? రెండు దినాలు సెలవెట్టి బేగి ఎల్లు. నీ నోటి మాట ఆడు నమ్మడు. గుంటని సూపెట్టు, నమ్ముతాడు."

రాజాం బస్సు

రాజాం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఎవరిదో అద్దె సైకిలు. వరి కోతలు అవుతున్నాయి, దారంతా గడ్డి వాసన. ఊరి మొదట్లో సూరప్పడి ఇల్లెక్కడని అడిగితే, "ఆవు ఇల్లా? అల్లదిగో" అని నవ్వారు. పోలీసుల తనిఖీ సంగతి ఊరంతా పాకిందని అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

పారమ్మ గుమ్మంలో పిల్లకి నలుగు పెడుతోంది. పొట్టి మనిషి, మాట మాత్రం పొడుగు. జైలు నుంచి వచ్చానని చెప్పగానే చెయ్యి ఆగిపోయింది.

"ఆడికేటైనాది?"

"ప్రాణానికి పరవాలేదమ్మా. అన్నం తినడం లేదు."

"నాకు కబురే లేదు. పేరు సెప్పమని రాయిస్తే జవాబే లేదు. ఆడగుంట పుట్టినాదని కోపం గావాల అనుకున్నాను. ఆ కోపానికి అన్నం మానేసినాడా?"

"అతనికి పిల్ల పుట్టిన సంగతే తెలీదమ్మా. ఆ వాక్యాలు నేను చెరిపేశాను."

ఆమె పిల్లని ఒళ్ళో సర్దుకుని నన్ను కిందనుంచి పైదాకా చూసింది. ఇంట్లోంచి అత్తగారూ, పక్కింటివాళ్ళూ వచ్చి నిలబడ్డారు.

"అయితే మా ఆవు మీదకి జీపేసుకుని పోలీసులొచ్చినారు, అది నీ పనేనా?"

"అవునమ్మా."

"ఆ ఎస్సైగారు దూడ తోకెత్తి సూసినారు బాబూ. మా ఊరు ఇప్పటికీ నవ్వుతానే ఉన్నాది." ఆమె ముఖంలో నవ్వు లేదు. "నాను మాత్రం మూణ్ణాలుగు వారాల నుంచి ఏడుస్తన్నాను. ఆడు నన్నొదిలీసినాడని."

తల దించుకుని నిలబడ్డాను. ఆమే లేచింది.

"కూకో. ఎండలో వచ్చినట్టున్నావు. అన్నం తిను. తిన్నాక ఎల్దాం."

ఆ ఇంట్లో పెరుగన్నం తిన్నాను. ఆ పెరుగు ఎర్రావుదే. అంత రుచిగల పెరుగు నేను మళ్ళీ తినలేదు.

మర్నాడు పొద్దున్నే పారమ్మ, అత్తగారు, నేను బయలుదేరి ఆమదాలవలసలో రైలెక్కాం. రైలు కిటకిటలాడుతోంది. పిల్లని కాసేపు నా చేతికిచ్చారు. పసిపిల్లని ఎత్తుకోవడం నాకు అదే మొదలు. మెడ ఎక్కడ పట్టుకోవాలో తెలియక కొయ్యలా బిగుసుకుని కూర్చున్నాను. ఎదురుగా ఉన్న ముసలమ్మ, "తొలిసూలా నాయనా?" అంది. పారమ్మ మొదటిసారి నవ్వింది.

పేరు

ములాకత్ అంటే ఇనుప జాలీకి అటొకరూ ఇటొకరూ. అప్పలనర్సయ్య గారు సూరప్పణ్ణి ఇద్దరు వార్డర్ల చేత పట్టించి తెచ్చి జాలీ దగ్గర కూర్చోబెట్టారు. పారమ్మ పిల్లని జాలీకి దగ్గరగా పట్టుకుంది. సూరప్పడు చాలాసేపు చూశాడు. జాలీ సందులోంచి ఒక వేలు పెట్టాడు. పిల్ల పట్టుకుంది.

"ఇది బతికే ఉన్నాది" అన్నాడు.

"బతక్కేటి. నీలాగే రేత్రింబవళ్ళు అరుస్తాది" అంది పారమ్మ. అని ఇద్దరూ ఏడ్చారు. జైలరు గారు గోడ గడియారం చూస్తున్నట్టు అటు తిరిగారు. గడియారం ఆగిపోయి ఏడాది అయింది.

పిల్ల గట్టిగా ఏడుపు మొదలుపెట్టింది. ఆ శబ్దానికి సూపరింటెండెంటు గారు గదిలోంచి బయటికి వచ్చారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఆయన దగ్గరకొచ్చి పిల్లని చూశారు.

"పేరేమిటి?"

"లేదు బాబూ. అదే ఉత్తరంలో అడిగినాను" అంది పారమ్మ.

ఆయన జైలరు గారితో, "జాలీలోంచి పేరు పెడతారా ఎవరైనా. తలుపు తియ్యండి" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు. ఆయన గురించి నేను పైన రాసింది చెరపను. ఇది కూడా రాస్తున్నాను.

మూడో బ్లాకు ముంగిట్లో నామకరణం జరిగింది. పంచదార జైలు వంటింట్లోంచి వచ్చింది, ఎలా వచ్చిందో అడగొద్దు. పిల్ల చేతులు మారుతూ బ్లాకంతా తిరిగింది. ఆ చేతుల్లో కొన్ని నెలల తరబడి తమ పిల్లల్ని ముట్టుకోనివి. వకీలు గారు పిల్లని ఎత్తుకుని, ఈమె మీద ఏ కేసూ లేదు, వెంటనే విడుదల చెయ్యవలెనని వాదించారు. పేర్లు అందరూ చెప్పారు. కాలేజీ కుర్రాడు స్వేచ్ఛ అన్నాడు. ఇంకొకరు విజయ అన్నారు. సూరప్పడు చెయ్యి అడ్డంపెట్టాడు.

"నా గుంట మీద మీ రాజకీయం వొద్దు. మాస్టారూ, సాయంకాలం మీరు వాయిస్తారు సూడండి, అది సెవిన పడతంటే నాకు లోపల సల్లగా ఉంటాది. దాని పేరేటి?"

"కల్యాణి" అన్నారు మాస్టారు.

"అదే ఎట్టండి."

మాస్టారు వయోలిన్ తీసుకుని అది వాయించారు. పట్టపగలు సాయంకాలపు రాగం ఏమిటని తరవాత నేను, నాలుగు స్వరాలు వచ్చినవాణ్ణి కదా, అడిగితే, "ఇవాళ మనకి సాయంకాలం ముందే వచ్చింది" అన్నారు. ఆ పూట సూరప్పడు జైలు పప్పు రెండోసారి వడ్డించమన్నాడు. ఆ పప్పు రెండోసారి అడిగిన మనిషి ఆ జైలు చరిత్రలో అతనొక్కడే.

చూసి ఊరుకున్నది

గజపతినగరం అమ్మాయికి ఇది కూడా చెప్పాలి. అన్ని బ్లాకుల్లోనూ వయోలిన్ మోగలేదు. మొదటి బ్లాకులో ఒక కుర్రాణ్ణి బయటినుంచి వచ్చినవాళ్ళు విచారణ పేరుతో కొట్టడం చూశాను. తలుపు దగ్గర నేనే ఉన్నాను. ఆపలేదు. నాకు అధికారం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ కుర్రాడు బతికాడు, ఒక చెయ్యి మాత్రం సరిగ్గా లేవలేదు. తరవాత, నేను హెడ్ వార్డరుగా ఉన్న ఇంకో జైల్లో అలాంటి తలుపు ఒకటి మళ్ళీ ఎదురైంది. ఈసారి లోపలికి వెళ్ళి నిలబడ్డాను. ఏమీ మాట్లాడలేదు, ఊరికే నిలబడ్డాను. సాక్షి ఉంటే చాలామంది చెయ్యి దించేస్తారు. మీకు ఇప్పుడు కెమెరాలు ఉన్నాయి. కెమెరా పనిచెయ్యని మూల ఎక్కడుందో చూసుకుని అక్కడ మీరు నిలబడండి.

ఉత్తరాల గది నాకే ఉంచారు. సిరా సీసా ఉంది గానీ ఆ తరవాత దాని మూత తీసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అర్థంకాని వాక్యం వస్తే ఉత్తరం పట్టుకుని ఆ మనిషి దగ్గరికే వెళ్ళి, ఇదేమిటని అడిగేవాణ్ణి. నూటికి తొంభైతొమ్మిది ఆవులూ, పెళ్ళిళ్ళూ, అత్తగారి మోకాళ్ళ నొప్పులే. మనుషులు జైల్లో ఉన్నవాడికి రాసేది ఎక్కువగా అవే. అవి అంత ముఖ్యమని నాకు అంతకుముందు తెలియదు.

గేటు పుస్తకం

కల్యాణి వచ్చి వెళ్ళిన మర్నాడే సూరప్పడు మాస్టారి ముందు కూర్చున్నాడు.

"అచ్చరాలు నేర్పండి. ఇకమీద నా ఉత్తరం నానే సదుకుంతాను."

పలక నేను తెచ్చిచ్చాను. నాగలి పట్టిన చెయ్యి, బలపం రోజుకి మూడుసార్లు విరిచేది. అ ఆ ల దగ్గరే నెల పట్టింది. మాస్టారికి వయోలిన్ శిష్యుల మీద వచ్చేపాటి కోపం కూడా రాలేదు. పారమ్మ ఉత్తరం వచ్చినప్పుడల్లా అతను ముందు తనే వేలు పెట్టి కూడబలుక్కుని, చివర మాస్టారి చేత సరిచూపించుకునేవాడు. కల్యాణి పాకిందన్న ఉత్తరం చదవడానికి రెండు రోజులు పట్టింది. నడిచిందన్న ఉత్తరం ఒక పూటలో అయిపోయింది.

ఎన్నికలైపోయాయి. ప్రభుత్వం ఓడిపోయింది. ఆ కబురు రేడియోలో వచ్చిన రోజు మూడో బ్లాకులో కంచాలు మోగించారు. మేం వార్డర్లం ఆపాలి, ఆపలేదు. కొద్ది రోజులకి విడుదల ఉత్తర్వులు వచ్చాయి.

గేటు బయట జనం. పూలదండలు, జెండాలు, డప్పులు. విడుదలయ్యే ముప్పై మంది వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరూ గేటు పుస్తకంలో సంతకం చేసి వెళ్ళాలి. పుస్తకం దగ్గర నన్ను కూర్చోబెట్టారు, నా పక్కన గేటు గుమాస్తా. సూరప్పడు బల్ల దగ్గరికి రాగానే గుమాస్తా అలవాటుగా ఇంకు ప్యాడు ముందుకు జరిపాడు.

"ఏలు కాదు బాబూ. కలం ఇయ్యండి."

కలం ఇచ్చాను. అతను వంగుని, బల్ల అంచు ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, మొదలుపెట్టాడు. సు రాసి, దానికి దీర్ఘం ఇచ్చి, ఆగి చూసుకున్నాడు. బయటనుంచి పారమ్మ గొంతు వినపడుతోంది.

"ఏటి, ఇంకా లోపలేటి సేస్తన్నాడు?"

"రాస్తన్నాడమ్మా, ఉండు" అని అప్పలనర్సయ్య గారు గేటు సందులోంచి చెప్పారు.

వెనక వరసలో ఒక్కరూ తొందరపెట్టలేదు. మాస్టారు వయోలిన్ పెట్టె చంకలో పెట్టుకుని, పెదవులు కదుపుతూ, ఒక్కో అక్షరం అతనితోపాటు లోలోపల రాస్తున్నారు. బయట డప్పు ఆగింది. ర అయింది. ప్ప అయింది. చివరి అక్షరం దగ్గర సూరప్పడు తలెత్తి నా వైపు చూశాడు.

"వార్డరు బాబూ, 'డు'కి కొమ్ము ఎటు తిరుగుతాది?"

గాలిలో వేలితో రాసి చూపించాను. అలాగే తిప్పాడు. కలం బల్ల మీద పెట్టి, పుస్తకం నా వైపు తిప్పాడు.

"సదువు" అన్నాడు.

చదివాను. వరసలో చివరి మనిషికీ, గేటు బయట పిల్లని చంకనేసుకుని నిలబడ్డ పారమ్మకీ వినపడేలా, గట్టిగా చదివాను.

"సూరప్పడు."